రుక్మాబాయి కేసు: ఆ నియమం ఏ ధర్మశాస్త్రంలోది?

ఆధునిక భారత చరిత్రలో సంఘ సంస్కరణల చాప్టర్‌ను మనందరం నాలుగైదు సార్లైనా తిరగేసి ఉంటాం. 1829 సతీ నిషేధం, 1856 వితంతు పునర్వివాహ చట్టం, 1891 సమ్మతి వయసు చట్టం. ఈ 1891 పక్కన బ్రాకెట్లో ఒక పేరు కనిపిస్తుంది, రుక్మాబాయి అని. ప్రిలిమ్స్‌కి అంతవరకు గుర్తుంటే సరిపోతుంది. కానీ మత విశ్వాసాలు, స్త్రీ సమానత్వం అనే టాపిక్ మీద ఎస్సే రాయాల్సి వస్తే, ఆ వరుస మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది బ్రాకెట్లో ఉన్న ఆ పేరే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

రుక్మాబాయి 1864లో బొంబాయిలో పుట్టారు. కులం సుతార్, అంటే వడ్రంగులు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. కొన్నేళ్లకు తల్లి జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇక్కడే ఒకసారి ఆగాలి. హిందూ వితంతువుకు మళ్లీ పెళ్లి నిషిద్ధం అని మనం ఒకే వాక్యంలో రాసేస్తాం గానీ, అది ప్రధానంగా అగ్రవర్ణాల ఆచారం. సుతార్లలో వితంతువుకు మళ్లీ పెళ్లి చేసేవారు. మన ఊళ్లలోనూ ఎన్నో కులాల్లో మారుమనువు అనే మాట పాతదే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు జరిపించిన వితంతు వివాహం అంత అలజడి రేపిందంటే, అది బ్రాహ్మణ కుటుంబాల మధ్య జరిగింది కాబట్టి. హిందూ మతం అని మనం ఏకవచనంలో అనేది అప్పట్లో అలా ఒకే ముద్దగా లేదు. ఈ సంగతి ముందుముందు అవసరం పడుతుంది.

రుక్మాబాయికి 11 ఏళ్లప్పుడు దాదాజీ భికాజీ అనే యువకుడితో పెళ్లి చేశారు. పెళ్లయ్యాక కూడా ఆమె పుట్టింట్లోనే ఉన్నారు. మారుతండ్రి ప్రోత్సాహంతో చదువుకున్నారు. దాదాజీ మాత్రం చదువు వదిలేసి మేనమామ ఇంట్లో ఉండేవాడు. 1884లో, ఆమెకు 20 ఏళ్లు రాబోతుండగా, భార్యను కాపురానికి పంపించండి అని అతను బొంబాయి హైకోర్టుకెక్కాడు. ఆమె వెళ్లనన్నారు. అతని ఆరోగ్యం బాగోలేదనీ, తనను పోషించే స్తోమత లేదనీ, ఆ మేనమామ ఇంటి వాతావరణం తనకు సరిపడదనీ కారణాలు చెప్పారు. వీటన్నిటి వెనుక ఉన్న అసలు మాట ఒక్కటే. ఊహ తెలియని వయసులో, తన ఇష్టం అడగకుండా చేసిన పెళ్లికి తాను కట్టుబడాల్సిన పని లేదు అన్నది ఆ మాట. 1885 నాటికి ఒక హిందూ కోర్టు కేసులో ఆడపిల్ల నోటి నుంచి ఈ మాట రావడం చిన్న విషయం కాదు.

1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే తీర్పు ఇచ్చాడు. దాదాజీ దావా కొట్టేశాడు. ఇష్టం లేని స్త్రీని గుర్రాన్నో ఎద్దునో తోలినట్టు మగవాడికి అప్పగించడం అనాగరికం అని అతని అభిప్రాయం. అందరూ ఉదహరించేది ఈ భాగమే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించినవి తీర్పులోని మరో రెండు అంశాలు. ఒకటి, ఇది దాంపత్య హక్కుల "పునరుద్ధరణ" దావా. పునరుద్ధరణ అంటే ఒకప్పుడు ఉండి పోయినదాన్ని తిరిగి నిలబెట్టడం. వీళ్లిద్దరి మధ్య కాపురమే మొదలుకాలేదు, ఇక పునరుద్ధరించేదేమిటి? రెండోది ఇంకా పెద్దది. ఇలాంటి దావా హిందూ ధర్మశాస్త్రంలోనే లేదు, ఇది ఇంగ్లండు నుంచి వచ్చింది అని పిన్హే తేల్చాడు.

నిజంగానే ఇంగ్లండు నుంచే వచ్చింది. అక్కడ పెళ్లి వ్యవహారాలు శతాబ్దాలపాటు చర్చి కోర్టుల చేతుల్లో ఉండేవి. క్రైస్తవ విశ్వాసం ప్రకారం పెళ్లి విడదీయరాని బంధం, విడాకులు దొరకవు. కాబట్టి విడిపోయిన భార్యనో భర్తనో తిరిగి రమ్మని ఆదేశించడం ఒక్కటే ఆ కోర్టులకు తెలిసిన మందు. 1857 చట్టంతో ఈ అధికారం మామూలు కోర్టులకు మారింది. మరి మన దేశంలోకి ఎలా దిగింది? 1867లో మున్షీ బజ్లూర్ రహీం వర్సెస్ షంసున్నీసా బేగం కేసులో ప్రివీ కౌన్సిల్ ఇలాంటి దావా భారతదేశపు కోర్టుల్లో వేయవచ్చని ఒప్పుకుంది. గమనించారా, అందులో ఇద్దరూ ముస్లింలు. అంటే ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఒక నియమం ముస్లిం దంపతుల కేసు ద్వారా భారతదేశంలో స్థిరపడి, చివరకు ఒక హిందూ ఆడపిల్ల మీదికి హిందూ ధర్మం పేరుతో వచ్చింది.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు. సీనియర్ల ప్రాజెక్టు నుంచి ఎత్తుకొచ్చిన కోడ్ ఎందుకు రాశారో ఎవరికీ తెలియదు, కానీ తీసేస్తే ప్రోగ్రాం ఆగిపోతుందేమోనని అందరికీ భయం. నాలుగు బ్యాచ్‌లు గడిచాక అది మన కాలేజీ స్టాండర్డ్ అయిపోతుంది.

అప్పటి చదువుకున్న హిందువుల్లో ఒక పెద్ద వర్గానికి పిన్హే తీర్పు మతంలో జోక్యంలా కనిపించింది. బాలగంగాధర తిలక్ పత్రికలు కేసరి, మరాఠా రుక్మాబాయిని గట్టిగా విమర్శించాయి. ఇంగ్లీషు చదువు వల్లే ఆమె ఇలా తయారైందన్నది వాళ్ల వాదన. వాళ్ల కోపానికి ఒక రాజకీయ కారణం కూడా ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. 1858 రాణి ప్రకటనలో మతవిశ్వాసాల్లో జోక్యం చేసుకోబోమని బ్రిటిష్ ప్రభుత్వం మాట ఇచ్చింది. అంతకు ఎంతో ముందే, 1772లో వారన్ హేస్టింగ్స్ వారసత్వం, వివాహం, కులం లాంటి వ్యవహారాల్లో హిందువులకు శాస్త్రం, ముస్లింలకు ఖురాన్ అని గీత గీశాడు. పర్సనల్ లా అని ఈరోజు మనం పాలిటీలో చదివేదానికి మొదలు అక్కడే. రాజ్యం పోయింది, పన్నులు వాళ్లవి, సైన్యం వాళ్లది, మనకు మిగిలింది ఇల్లు ఒక్కటే అన్న బాధ ఆనాటి జాతీయవాదుల్లో ఉంది. ఆ బాధ నిజమే. కానీ ఆ ఇంట్లో ఎవరు ఎవరి కింద ఉన్నారన్నది అడిగితే మాత్రం స్వదేశీ ద్రోహం అయిపోయింది. పైగా వాళ్లు కాపాడుతున్నామనుకున్న నియమం ఇంటిది కానేకాదు.

దీనర్థం మన శాస్త్రాలు స్త్రీకి స్వేచ్ఛ ఇచ్చాయని కాదు. కొన్ని వ్యాసాల్లో ఇలాంటి తేలిక మాట కనిపిస్తుంది, నేను ఒప్పుకోను. పసివయసు పెళ్లిని సమర్థించింది స్మృతులే, భార్య భర్తకు లోబడి ఉండాలన్నదీ స్మృతులే. అయితే భార్య కాపురానికి రాకపోతే కులపెద్దలు పంచాయితీ పెట్టేవారు, భర్త ఇంకో పెళ్లి చేసుకునేవాడు. ప్రభుత్వం ఆమెను జైల్లో పెట్టడం మాత్రం ఆ పద్ధతిలో లేదు. బ్రిటిష్ కోర్టు చేసిన పనేమిటంటే, పెళ్లికి స్త్రీ సమ్మతి అక్కర్లేదన్న ముక్కను శాస్త్రం నుంచి తీసుకుంది, రాకపోతే జైలు అన్న ముక్కను ఇంగ్లండు నుంచి తీసుకుంది. రెండు సంప్రదాయాల్లోని కాఠిన్యాన్నీ కలిపి ఒక్క మనిషి మీద పెట్టింది. అది కూడా ఎవరి మీద? తల్లికే మారుమనువు జరిగిన కులంలోని అమ్మాయి మీద.

1886లో అప్పీలు కోర్టు పిన్హే తీర్పును పక్కనపెట్టి కేసును తిరిగి విచారణకు పంపింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ ఆదేశం వచ్చింది: నెల రోజుల్లో భర్త దగ్గరకు వెళ్లాలి, లేదా ఆరు నెలల జైలు. రుక్మాబాయి జైలుకే వెళతానన్నారు.

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. దాదాజీ దావా వేసిన 1884లోనే ఇంగ్లండు పార్లమెంటు ఈ రకం కేసుల్లో జైలుశిక్షను రద్దు చేసింది. తన దేశంలో తీసేసిన శిక్షను అదే ప్రభుత్వం మూడేళ్ల తర్వాత బొంబాయిలో విధించబోయింది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ జైలుశిక్ష 1923 దాకా ఉంది. ఆ తర్వాత మిగిలింది ఆస్తి జప్తు.

పండిత రమాబాయి 1887లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో అగ్రవర్ణ హిందూ స్త్రీల స్థితి గురించి రాస్తూ ఈ కేసును ప్రస్తావించారు. హిందూ చట్టం, బ్రిటిష్ సర్కారు, దేశంలోని మగవాళ్లు అందరూ ఏకమై ఒక్క దిక్కులేని స్త్రీని అణచడానికి నిలబడ్డారని ఆమె చూపించారు. ఇంగ్లీషువాళ్లు వచ్చి మన స్త్రీలను విడిపించారు అనే కథనానికి ఆనాటి స్త్రీయే ఇచ్చిన జవాబు ఇది. రమాబాయి 1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకున్నారు, కానీ అక్కడి చర్చి పెద్దలు చెప్పినట్టల్లా నమ్మమంటే ఒప్పుకోక వాళ్లతోనూ వాదానికి దిగారు. ఒక మతం వదిలి ఇంకో మతంలోకి వెళ్లినా ఆమె అడిగిన ప్రశ్న మారలేదు.

రుక్మాబాయి కూడా ఊరుకోలేదు. కేసు నడుస్తున్న 1885లోనే "ఒక హిందూ స్త్రీ" అన్న కలం పేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకు లేఖలు రాశారు. ఒకటి బాల్యవివాహం మీద, ఇంకొకటి వితంతువుల దుస్థితి మీద. సంస్కరణల చరిత్రలో ఈ లేఖల స్థానం ఏమిటో తెలియాలంటే మిగతా ఘట్టాలతో పోల్చాలి. సతి మీద వాదనంతా శాస్త్రం విధించిందా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. 1829 కంటే ముందు కంపెనీ ప్రభుత్వం పండితులను అడిగి సతిని శాస్త్రసమ్మతమైనది, కానిది అని విడదీసింది కూడా. వితంతు వివాహానికి ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిలో ఆధారం వెతికారు. ఆయన శ్రమ సామాన్యమైనది కాదు, కానీ 1856 చట్టంలో సెక్షన్ 2 చూడండి: మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తిలో హక్కు కోల్పోతుంది. మారుమనువు ఆచారం ఉన్న కులాల స్త్రీలకు కొన్ని హైకోర్టులు ఇదే సెక్షన్‌ను వర్తింపజేశాయి. సంస్కరణ చట్టం వల్ల వాళ్లు ఉన్నదీ పోగొట్టుకున్నారు. ఈ వాదనలన్నిటిలో స్త్రీ గురించి మగవాళ్లు పుస్తకాలు ముందేసుకుని మాట్లాడుకున్నారు. రుక్మాబాయి కేసులో మొదటిసారి ఆ స్త్రీ స్వయంగా పత్రికకెక్కి, కోర్టుకెక్కి, నా సమ్మతి మాటేమిటి అని అడిగారు.

కేసు ఎలా ముగిసిందన్న దగ్గర ఒక జాగ్రత్త. విక్టోరియా రాణి జోక్యం చేసుకుని పెళ్లి రద్దు చేసిందని చాలా నోట్స్‌లో ఉంటుంది. నేనూ ఒక టెస్టులో అదే రాశాను, దిద్దినవాళ్లు టిక్కు కూడా పెట్టారు. అసలు జరిగింది రాజీ. 1888 జూలైలో దాదాజీ 2,000 రూపాయలు పుచ్చుకుని తన డిక్రీని వదులుకున్నాడు. అంటే చట్టం మారలేదు, న్యాయసూత్రం గెలవలేదు, డబ్బు కట్టి బయటపడ్డారు. రుక్మాబాయి 1889లో ఇంగ్లండు వెళ్లి లండన్ మహిళా వైద్య కళాశాలలో చదివి, తిరిగొచ్చి సూరత్‌లోనూ రాజ్‌కోట్‌లోనూ దశాబ్దాలపాటు డాక్టరుగా పనిచేశారు. దేశపు మొదటి మహిళా డాక్టర్ అని మాత్రం రాయకండి. ఆనందీబాయి జోషి 1886లోనే పట్టా పొందారు, కాదంబినీ గంగూలీ కూడా రుక్మాబాయి కన్నా ముందే ప్రాక్టీసు మొదలుపెట్టారు.

1891 చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పదేళ్లు దాటిన బాలిక తనకన్నా ఎంతో పెద్దవాడైన భర్త వల్ల చనిపోయింది. శిక్షాస్మృతి ప్రకారం అప్పటి సమ్మతి వయసు 10 కాబట్టి అతనిమీద అత్యాచారం నేరం నిలవలేదు, ఏడాది శిక్షతో సరిపోయింది. బెహ్రాంజీ మలబారీ అప్పటికే బాల్యవివాహాల మీద ఉద్యమం నడుపుతున్నారు. రుక్మాబాయి కేసు రేపిన వేడి ఇంకా చల్లారలేదు. సమ్మతి వయసును 12కి పెంచుతూ బిల్లు వచ్చింది. మళ్లీ అదే తంతు. గర్భాదాన సంస్కారానికి అడ్డం వస్తుందని వ్యతిరేకులు, శాస్త్రంలో సడలింపు ఉందని ఆర్.జి. భండార్కర్ లాంటి పండితులు. ఒక పిల్ల ప్రాణం పోయిందన్న సంగతి కన్నా శ్లోకాల అర్థం మీదే ఎక్కువ సిరా ఖర్చయింది. బిల్లు పాసైంది. కానీ భార్య విషయంలో అత్యాచారం వర్తించదన్న మినహాయింపు వయసు మాత్రమే మార్చుకుంటూ నేటికీ ఉంది. 2017లో ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 18కి తెచ్చింది. కొత్త భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లోనూ 18 దాటిన భార్యకు ఆ మినహాయింపు కొనసాగుతోంది.

ఇక స్వాతంత్ర్యం తర్వాత. హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడంతో 1951లో అంబేడ్కర్ రాజీనామా చేసిన కథ మీకు తెలుసు. ఆ బిల్లు ముక్కలుముక్కలుగా పాసైనప్పుడు మొదటిది 1955 మే నెలలో వచ్చిన హిందూ వివాహ చట్టం. ఏకపత్నీత్వం, విడాకులు, ఇవన్నీ పెద్ద విజయాలే. కానీ అందులో సెక్షన్ 9 తెరిచి చూడండి. దాంపత్య హక్కుల పునరుద్ధరణ! చర్చి కోర్టు పాత సరుకు ఇప్పుడు మన పార్లమెంటు ముద్రతో హిందూ చట్టమైంది. ప్రత్యేక వివాహ చట్టంలో, పార్సీ చట్టంలో, క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా ఇది ఉంది. రుక్మాబాయి అదే 1955 సెప్టెంబరులో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇంగ్లండు మాత్రం 1970లో ఈ దావాను పూర్తిగా ఎత్తేసింది.

దీన్ని రాజ్యాంగం ముందు నిలబెట్టింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే. 1983లో టి. సరిత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9ను కొట్టేశారు. ఈ నియమం చర్చి న్యాయం నుంచి వచ్చిందనీ, ఇష్టం లేని స్త్రీ శరీరం మీద నిర్ణయాధికారాన్ని రాజ్యం చేతికి ఇస్తోందనీ, ఇది 14, 21 అధికరణలకు విరుద్ధమనీ చెప్పారు. భార్యాభర్తలిద్దరికీ ఒకేలా వర్తిస్తున్నట్టు కనిపించినా, గర్భం మోయాల్సింది స్త్రీయే కాబట్టి అది సమానం కాదని వివరించారు. 2017 పుట్టస్వామి తీర్పుకు 34 ఏళ్ల ముందు వ్యక్తిగత గోప్యత ఆధారంగా ఒక తెలుగు జడ్జి రాసిన మాటలివి. ఎథిక్స్ పేపర్‌కి కూడా పనికొస్తాయి.

అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం తగదని తీర్పిచ్చింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. పెళ్లి విచ్ఛిన్నం కాకుండా ఆపడానికి సెక్షన్ 9 ఉపయోగపడుతుందనీ, మాట వినకపోతే జప్తే తప్ప జైలు లేదనీ చెప్పింది. నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ కేసులో పునరుద్ధరణ కోరింది భార్యే. గెంటేసిన భర్త మీద ఒత్తిడి తేవడానికి ఈ సెక్షన్‌ను వాడుకునే స్త్రీలు ఉన్నారు. కానీ ఆమెకేం దక్కింది? డిక్రీ తర్వాత ఏడాదిపాటు కాపురం జరగలేదని చూపించి భర్త విడాకులు తీసుకున్నాడు. గెంటేయబడిన స్త్రీకి కావాల్సింది ఇల్లు, భరణం. వాటికి వేరే చట్టాలున్నాయి. వాటిని గట్టిపరచకుండా ఈ సెక్షన్‌ను ఉంచాలనడం నాకు సబబుగా తోచదు. పైగా భర్త ముందుగా ఈ డిక్రీ తెచ్చుకుని, ఆమె రాలేదు కాబట్టి భరణం ఇవ్వను అనడం మామూలైపోయింది. డిక్రీ పాటించనంత మాత్రాన భరణం పోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేయాల్సి వచ్చింది.

2018లో లా కమిషన్ కుటుంబ చట్టాల సంప్రదింపుల పత్రంలో ఈ నియమాన్ని తొలగించడం మేలని చెప్పింది. 2019లో న్యాయశాస్త్ర విద్యార్థులు ఇద్దరు దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అయినా 2024లో ఉత్తరాఖండ్ చేసిన ఉమ్మడి పౌరస్మృతిలోకి కూడా ఇది వచ్చి చేరింది. ఉమ్మడి పౌరస్మృతి మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది మత చట్టాలు ఒకవైపు, స్త్రీ సమానత్వం ఒకవైపు పెట్టి రాసేస్తాం. అన్ని మతాలకూ ఒకే చట్టం చేసినప్పుడు కూడా సెక్షన్ 9 సంగతేమైందో ఒక్క పేరా రాయండి, ఆన్సర్ తేడా మీకే తెలుస్తుంది.

సరిత తీర్పు 1983 ఏఐఆర్, ఆంధ్రప్రదేశ్ 356వ పేజీలో ఉంది. ఇంగ్లీషు కొంచెం బరువుగా ఉంటుంది గానీ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. వచ్చే పోస్టులో మేరీ రాయ్ కేసు రాస్తాను. 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టంలో కూతురి వాటా ఎంతో, 1986లో సుప్రీంకోర్టు దాన్ని ఎలా పక్కనపెట్టిందో ఈలోగా ఒకసారి చూసి ఉంచుకోండి.